నా బీరు చూసి నవ్వారు, నా ఆలోచనతో బహుమతి తెచ్చుకున్నారు

ఈ వారం వచ్చిన ఉత్తరం ఆరు పేజీలుంది. రాసినాయన పేరు వద్దన్నారు. వయసు 37, లెక్కలు చూసే ఉద్యోగం. నాలుగేళ్ళుగా సెలవు రోజుల్లో ఇంట్లో బీరు తయారుచేస్తున్నారు. ఆయన ఉంటున్న చోట సొంతానికి చేసుకుంటే చట్టం అడ్డు చెప్పదు, అమ్మితేనే తప్పు. మూడేళ్ళ క్రితం ఉద్యోగం కోసం ఊరు మారారు. స్నేహితులంతా పాత ఊళ్ళోనే ఉండిపోయారు. కొత్తచోట తనలాగే బీరు చేసుకునే పదకొండు మంది నెలకోసారి కలుస్తారని తెలిసి, ఎనిమిది నెలల క్రితం ఆ గ్రూపులో చేరారు.

"మొదటి రెండు నెలలు నోరు విప్పలేదు" అని రాశారు. మూడో నెల ధైర్యం చేసి బీట్‌రూట్, మిరియాలు వేసిన బీరు పట్టుకెళ్ళారు. ఒకాయన వాసన చూసి "బురద" అన్నాడు. ఇంకొకాయన "మందుల షాపు" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పటినుంచి ఈయన్ని "కూరగాయల బండి" అని పిలుస్తున్నారు. అక్కడ తనూ నవ్వేస్తారు, ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టదు.

అసలు బాధ తర్వాత వచ్చింది. ఐదో నెలలో, పైన్ కట్టెల పొగ పట్టించిన లాప్‌సాంగ్ సూచాంగ్ టీ ఆకుతో చేసిన బీరు తీసుకెళ్ళారు. గ్రూపులో పెద్దాయన ఒకరు మెచ్చుకుని, ఎంత ఆకు, ఎప్పుడు వేయాలి అని అడిగి మరీ కాగితం మీద రాయించుకున్నారు. రెండు నెలల తర్వాత అదే ఆకును నల్ల బీరులో వేసి, పోటీకి పంపి, రెండో బహుమతి తెచ్చుకున్నారు. అందరూ అభినందిస్తుంటే ఈయన పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇక్కడో చిక్కు. పాత వాల్వ్ రేడియోలు బాగుచేయడమంటే ఈయనకు చిన్నప్పటినుంచీ పిచ్చి. ఆ పెద్దాయన గ్యారేజీలో, బీరు పులియబెట్టే డ్రమ్ముల పక్కనే, అలాంటి రేడియోలు నాలుగు ఈయన కంటపడ్డాయి. "అడగాలని నోటిదాకా వచ్చింది. బహుమతి గుర్తొచ్చి ఆగిపోయాను" అని రాశారు. గ్రూపులో మాటలన్నీ పంపుల చుట్టూ, కొత్త స్టీలు పాత్రల చుట్టూ తిరుగుతాయట. భార్య బీరు ముట్టరు. "నెలకోసారి వెళ్ళి బాధపడి రావడానికి ఇంత శ్రమెందుకు" అని ఆవిడ అంటున్నారు. మానేయాలా, పెద్దాయన్ని నిలదీయాలా, తనలాంటి వింత ఆలోచనలున్న వాళ్ళతో వేరే గ్రూపు పెట్టుకోవాలా అన్నది ప్రశ్న. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: పుట్టగొడుగులతో బీరు చేయొచ్చా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివితే మీ వైపే మాట్లాడాలనిపించింది. రెండోసారి చదువుతుంటే, నాలుగో పేజీలో మీరు మాటవరసకి రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "మా కుళాయి నీళ్ళు ఈతకొలను వాసన వస్తాయి."

దాని దగ్గరికి వస్తాను. ముందు బీట్‌రూట్ సంగతి తేల్చుకుందాం. "బురద" అన్నవాడు మిమ్మల్ని వెక్కిరించాడని మీరు అనుకున్నారు. వెక్కిరించే ఉండొచ్చు, కానీ ఆయన ముక్కు అబద్ధం చెప్పలేదు. బీట్‌రూట్‌లో జియోస్మిన్ అనే పదార్థం ఉంటుంది. తొలివాన పడగానే లేచే మట్టి వాసనలో ఉండేదీ అదే. మనిషి ముక్కు దాన్ని ఎంత తక్కువ ఉన్నా పట్టేస్తుంది. పులుపు తగిలితే మాత్రం అది విరిగిపోతుంది. కాబట్టి అదే బీట్‌రూట్‌ను మామూలు బీరులో కాకుండా, లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియాతో పులుపెక్కించిన గోధుమ బీరులో, అంటే బెర్లినర్ వైస్ లాంటి దాంట్లో వేసి ఉంటే ఆ సాయంత్రం వేరేగా గడిచేది. మీ ఆలోచన చెడ్డది కాదు, తప్పు బీరులో పడింది.

"మందుల షాపు" మాటకు బీట్‌రూట్‌తో గానీ మిరియాలతో గానీ సంబంధం ఉందని నేను అనుకోను. మీ కుళాయి నీళ్ళకు ఈతకొలను వాసన తెచ్చే క్లోరిన్, మాల్ట్‌లోని (బీరుకు వాడే, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ లాంటి గింజల్లోని) ఫినాల్స్ అనే పదార్థాలతో కలిస్తే క్లోరోఫినాల్స్ తయారవుతాయి. దెబ్బకు వేసే ప్లాస్టర్ వాసన, ఆసుపత్రి వాసన అంటారే, అదన్నమాట. పొటాషియం మెటాబైసల్ఫైట్ బిళ్ళలు, కాంప్డెన్ బిళ్ళలంటారు, బీరు సామాను దొరికే ఏ చోటైనా ఉంటాయి. 20 లీటర్ల నీళ్ళకు పావు బిళ్ళ పొడిచేసి కలిపితే సరిపోతుంది. నీళ్ళు కాచినా క్లోరిన్ పోతుంది గానీ, కొన్ని చోట్ల వాడే క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు, బిళ్ళ రెంటికీ పనిచేస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వింత వేరు, లోపం వేరు. మీరు ఆ రెంటినీ కలిపేసుకున్నారు, వాళ్ళూ కలిపేశారు. బీట్‌రూట్ అన్న మాట ముందే విన్నారు కాబట్టి నేరం దాని మీదికి నెట్టేశారు. వీళ్ళకు వింత బీర్లు అర్థం కావు అనుకుని మీరు ఇప్పుడు గ్రూపు మానేస్తే, రేపు పెట్టుకునే కొత్త గ్రూపులో కూడా ఆ మందుల వాసనే పంచుతారు. వాళ్ళు మర్యాదస్తులైతే నవ్వరు, అంతే తేడా.

ముద్దుపేరు గురించి రెండే మాటలు. మీరు నవ్వినంతకాలం మీకు నచ్చిందనే వాళ్ళు అనుకుంటారు. అందరిలోనూ గొడవ చేయక్కర్లేదు. ఎక్కువగా ఆ పేరుతో పిలిచే ఒక్కరితో, విడిగా ఉన్నప్పుడు, "ఆ పేరు నాకు నచ్చదండీ, పేరుతోనే పిలవండి" అనండి. ఆ తర్వాత కూడా ఆపకపోతే వాళ్ళు ఎలాంటివాళ్ళో మీకు తెలిసిపోతుంది. మానేయడానికి అది మంచి కారణమే, బీట్‌రూట్ కాదు.

ఇక బహుమతి. మీరు "దొంగతనం" అనే మాట మూడుసార్లు వాడారు. ఆయన అడిగారు, మీరు రాసిచ్చారు. పోటీకి పంపుతానని ఆయన చెప్పలేదు, పంపొద్దని మీరూ అనలేదు. మీది లేత రంగు బీరు, ఆయన నల్లదాంట్లో వేశారు. అంటే ఆయనా కొంత బుర్ర పెట్టారు. పొగ రుచి బీరులోకి రావడం మీ ఇద్దరికంటే చాలా ముందునుంచి ఉన్నదే. జర్మనీలోని బాంబెర్గ్‌లో బీచ్ కట్టెల పొగ మీద ఆరబెట్టిన మాల్ట్‌తో ఇప్పటికీ బీరు చేస్తున్నారు. రుచుల కలయికకు ఎవరూ హక్కుదారులు కారు. పోటీలో న్యాయనిర్ణేతలు కూడా గ్లాసులో ఉన్నదానికే మార్కులేస్తారు. బీరు పోటీల్లో ఎక్కువగా వాడే, బీజేసీపీ అనే బీరు న్యాయనిర్ణేతల సంస్థ మార్కుల పత్రంలో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. ఆలోచన ఎవరిదని అడిగే గడి అందులో ఉండదు.

అయినా తప్పు జరిగింది. అందరూ మెచ్చుకుంటున్నప్పుడు, మీరు అక్కడే నిలబడి ఉండగా, "టీ ఆకు ఆలోచన ఈయనది" అని ఒక్క ముక్క అనకపోవడం తప్పు. పెద్దరికానికి అది తగదు. మీకు నొప్పి కలగడం సహజం. నాకైనా కలుగుతుంది.

ఈ పనిలో ఇచ్చిపుచ్చుకోవడం ఎంత పాతదో చెప్పే సంగతి ఒకటుంది. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచడం సాధించాడు. గుట్టుగా దాచుకుంటే ఆ కంపెనీకి ఎంత లాభమో ఊహించుకోండి. యజమాని జాకబ్‌సెన్ దాన్ని మిగతా బ్రూవరీలకు కూడా ఇచ్చేశాడు. ఇచ్చినా పేరు మాత్రం పోలేదు. శాస్త్రవేత్తలు ఆ ఈస్ట్‌ను చాలాకాలం కార్ల్స్‌బర్గెన్సిస్ అనే పిలిచారు. మీకు కావాల్సింది కూడా ఈ రెండో సగమే కదా. ఆకు ఇచ్చినందుకు మీకు బాధ లేదు, పేరు పోయినందుకు బాధ.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. గ్రూపులో ప్రశాంతంగానే ఉంటుంది, కానీ ఆయన మీ గ్లాసు వైపు చెయ్యి చాపిన ప్రతిసారీ మీకు ఒళ్ళు మండుతుంది. ఇకమీదట కొలతలు అడిగితే అబద్ధాలు చెప్పడం మొదలుపెడతారు. నలుగురిలో నిలదీయొచ్చు. అప్పుడు ఆయన తప్పు ఒప్పుకునే అవకాశం మీరే తీసేసినవారవుతారు, ఎందుకంటే అందరి ముందు ఆయన తన పెద్దరికం కాపాడుకోవాలి. మిగిలిన పది మందికి న్యాయం కంటే ఆ సాయంత్రం పాడైపోవడమే గుర్తుంటుంది. విడిగా చెప్పొచ్చు. ఇదే నయమని నాకనిపిస్తుంది, అయినా ఇందులోనూ టెన్షన్ లేకపోలేదు. "ఆ నల్ల బీరు చాలా బాగుందండీ. టీ ఆకు మాట నా దగ్గర విన్నదని నలుగురిలో ఒక్కసారి అని ఉంటే సంతోషించేవాణ్ణి" అని చెప్పి ఆగండి. ఇంకేమీ కలపొద్దు. "అయ్యో, తట్టనే లేదు" అంటారేమో. పెద్దవాళ్ళకు నిజంగానే తట్టకపోవడం మామూలే, నమ్మేయండి. "టీ ఆకు ఎవరికి తెలియదు" అని కొట్టిపారేస్తారేమో. అలా అంటే ఆయనకు ఇక కొలతలు రాసివ్వక్కర్లేదు, పగ పెట్టుకోనూ అక్కర్లేదు. మొహం చిన్నబుచ్చుకుని మాట మార్చేస్తారేమో. అలాంటప్పుడు ఒక నెల గడవనివ్వండి.

రేడియో మాట, బహుమతి మాట ఒకే రోజు ఎత్తకండి. రేడియోల గురించి ఆప్యాయంగా మాట్లాడి చివర్లో బహుమతి తీస్తే, అంతసేపూ దానికోసమే మాట్లాడారని ఆయనకు అనుమానం వస్తుంది. ముందు బహుమతి సంగతి, ఇంకో రోజు రేడియోలు. పాత పేపర్ కెపాసిటర్లన్నీ మార్చేయాలా, చెడినవి మాత్రమే మార్చాలా అన్నది రేడియోలవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగదు. ఆ వాదన మొదలైతే గంటలు తెలియవు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఇది కాదు. ఎనిమిది నెలల్లో మీరు ఆ పదకొండు మందిలో ఎవరితోనూ కలిసి ఒక్క బ్యాచ్ కూడా చేయలేదు. పెద్దాయన గ్యారేజీకి వెళ్ళింది కూడా ఖాళీ సీసాలు తిరిగివ్వడానికే. ప్రతిసారీ బీరు తయారైపోయాక, సీసాలో మూత బిగించి పట్టుకెళ్తున్నారు. అది చూసేవాళ్ళు మార్కులేయడం తప్ప ఏం చేస్తారు? మీరూ పరీక్ష రాసినవాడిలా నిలబడుతున్నారు.

బీరు చేసే రోజు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ళు కాగాలి. మాల్ట్ వేశాక 65 నుంచి 68 డిగ్రీల మధ్య గంటసేపు అలా ఉండాలి. వడకట్టాక ఇంకో గంట మరగాలి. తర్వాత చల్లార్చాలి, కడగాలి. మొత్తం ఐదారు గంటల్లో చేతికి నిజంగా పనుండేది ఎంతసేపు? మిగతాదంతా పాత్ర పక్కన కూర్చోవడమే. ఆ కూర్చున్నప్పుడే పిల్లల సంగతులు, మోకాళ్ళ నొప్పులు, రేడియోలు, పాత ఊరి కబుర్లు బయటికొస్తాయి. రుచి చూసే బల్ల దగ్గర పంపుల మాటలే ఎందుకొస్తాయంటే, కొత్తవాళ్ళు పదిమంది నిలబడి ఉన్నచోట సురక్షితమైన మాటలు అవే. వాళ్ళకూ మీలాగే మొహమాటమేనేమో, ఒకసారి ఆ కోణంలో చూడండి.

నా సంగతి ఒకటి చెబుతాను. నేనూ కొన్నేళ్ళు ఈ పని చేశాను. ఒకసారి గ్యాసు పట్టడానికి సీసాల్లో వేయాల్సిన చక్కెర వేశాక, పైన అనాసపండు రసం కూడా పోశాను. పండులోని చక్కెర లెక్కలోకి తీసుకోలేదు. ఐదో రాత్రి అలమరలో ఏడు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి పేలిపోయాయి. అలమర తలుపు మూసి ఉంది కాబట్టి ఎవరికీ గాజు గుచ్చుకోలేదు. సిగ్గుపడుతూనే ఈ సంగతి మా వాళ్ళకు చెబితే, అప్పటిదాకా నాతో పలకరింపుగా కూడా మాట్లాడని ఒకావిడ "నావి పదకొండు" అంది. మా స్నేహం అక్కడ మొదలైంది, ఇప్పటికీ ఉంది. నా మంచి బీర్లు ఎన్నో తాగింది, వాటి గురించి మాత్రం ఒక్క మాటా గుర్తులేదంటుంది.

కాబట్టి వచ్చే నెల పూర్తయిన సీసా కాకుండా, పూర్తికాని ఆలోచన తీసుకెళ్ళి చూడండి. "బీట్‌రూట్‌ను పులుపు బీరులో మళ్ళీ ప్రయత్నిస్తున్నాను, ఫలానా ఆదివారం, ఎవరైనా వస్తారా?" అని అడగండి. ఎవరూ రాకపోవచ్చు. ఒకరొస్తే చాలు. రావడానికి ఒప్పుకున్నవాడు ఆ "బురద" అన్నవాడే అయినా ఆశ్చర్యపోకండి, ఎవరి ముక్కు చురుగ్గా ఉంటుందో వాళ్ళకే కుతూహలం కూడా ఎక్కువ. కలిసి చేసిన బీరును పోటీకి పంపితే, దరఖాస్తులో తోడు చేసినవాళ్ళ పేరు రాసే వీలు సాధారణంగా ఉంటుంది. మీ రెండో సమస్య అక్కడ దానంతటదే తీరుతుంది.

అంత ధైర్యం లేకపోతే ఈస్ట్‌తో మొదలుపెట్టండి. నార్వే పడమటి పల్లెల్లో ప్రతి ఇంటికీ సొంత ఈస్ట్ ఉండేది, క్వైక్ అంటారు. చెక్క రింగుల మీద ఆరబెట్టి దాచుకునేవాళ్ళు. అది పాడైతే పక్కింటికి వెళ్ళి అడిగి తెచ్చుకునేవాళ్ళు, మనం పెరుగు తోడుకు వెళ్ళినట్టే. అందువల్ల ఎవరి ఈస్ట్ పోయినా ఊరి ఈస్ట్ పోలేదు. 35 డిగ్రీల పైన కూడా చక్కగా పనిచేస్తుంది కాబట్టి ఇప్పుడు చాలా దేశాలవాళ్ళు దాన్ని వాడుతున్నారు. మీ బ్యాచ్ అయిపోయాక అడుగున మిగిలిన ఈస్ట్‌ను శుభ్రం చేసిన సీసాలో ఎవరికైనా ఇవ్వండి. వచ్చే నెల "ఎలా పనిచేసింది?" అని అడగడానికి మీకు ఒక కారణం దొరుకుతుంది.

వేరే గ్రూపు పెట్టుకోవడం తప్పేమీ కాదు. కాకపోతే వింత బీర్లవాళ్ళంతా ఒకచోట చేరితే వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఎవరూ ఎవరినీ కాదనరు, అన్నీ అద్భుతమే అంటారు, బీరు మాత్రం బాగుపడదు. ఉన్న గ్రూపులోనే నెలకో అరగంట దీనికోసం అడిగి చూడండి. ఒక సాదా లేత బీరు తీసుకోండి. ఒక్కొక్కరు ఒక్కో దినుసును వోడ్కాలో నాలుగైదు రోజులు నానబెట్టి తెస్తారు. కాఫీ గింజలు, ఎండిన నారింజ తొక్క, మిరియాలు, రోజ్‌మేరీ, ఎవరి పిచ్చి వాళ్ళది. గ్లాసులో 100 మిల్లీలీటర్ల బీరు పోసి, సిరంజితో అర మిల్లీలీటరు వేసి రుచి చూడటం, చాలకపోతే ఇంకో అర. లెక్కల మనిషి మీరు: 100 మిల్లీలీటర్లకు అర అయితే, 20 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ఆల్కహాలు పెరిగేది 0.2 శాతమే. నచ్చకపోతే పోయేది గ్లాసెడు, 20 లీటర్లు కాదు. వింతగా ఉందని ఎవరైనా అన్నా బాధ ఉండదు, ఎందుకంటే అక్కడ అందరివీ వింతలే.

మీ శ్రీమతి మాటను తేలిగ్గా తీసుకోకండి. ఆవిడ బీరు గురించి అనలేదు, మీరు ఇంటికి తెచ్చే మొహం గురించి అన్నారు. బీరు చేసే ఆదివారం ఎవరైనా ఇంటికొస్తే ఆవిడకూ వాళ్ళు పరిచయమవుతారు, అప్పుడు ఆవిడ అభిప్రాయం మళ్ళీ అడగండి. వచ్చినవాళ్ళు బండి నడపకుండా ఇంటికి చేరే ఏర్పాటు మాత్రం ముందే చూసుకోండి.

మొత్తంగా మానేయాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోకండి. మూడు నెలలు చూడండి. ఒక ఆదివారం కలిసి బీరు చేసి, పెద్దాయనతో ఆ ఒక్క మాటా చెప్పేశాక కూడా వెళ్ళబుద్ధి కాకపోతే మానేయండి. అప్పుడు ఆ రేడియోల ముచ్చట్లకు ఇంకెవరినైనా వెతుక్కోవచ్చు.

పుట్టగొడుగుల బీరు చేయొచ్చు. షాంటరెల్ పుట్టగొడుగులకు ఆప్రికాట్ పండు లాంటి వాసన ఉంటుంది. క్యాండీ క్యాప్ అనే రకం ఎండితే మేపుల్ సిరప్ వాసన వస్తుంది. తినడానికి అమ్మే ఎండు రకాలే వాడండి, మీరు ఏరి తెచ్చినవి వద్దు. ఇంక్ క్యాప్ అనే రకం ఒకటుంది. మామూలుగా వండి తింటే ఏమీ కాదు గానీ, మద్యం తోడైతే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు తెప్పిస్తుంది. అందుకే రకం ఏమిటో కచ్చితంగా తెలియనిది బీరు దగ్గరికి రానివ్వకూడదు. ఎండు షాంటరెల్‌తో పైన చెప్పిన చుక్కల పద్ధతిలో మొదలుపెట్టండి. దాన్ని గ్రూపుకు తీసుకెళ్ళేటప్పుడు, పుట్టగొడుగులు పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడిగేసి, సీసా మీద మాత్రం పేరు రాయకుండా ఒక నంబరు వేయండి. ఈసారి నవ్వినా తాగాక నవ్వుతారు.